వీడియో కాల్ కలవని ఊరు

టేపమ్మ అసలు పేరేమిటో ఫ్యాక్టరీలో చాలామందికి తెలియదు. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆ పేరు పడిపోయింది. బట్టలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆమె ఉద్యోగం కుట్టడం కాదు, కుట్టినదాంట్లో తప్పు పట్టడం. కాలరు, భుజం, చేతి పొడవు అన్నీ కొలిచి, ఎక్కడైనా వెంట్రుకవాసి తేడా కనిపించిందా, చొక్కాని తీసి పక్కన పడేస్తుంది. కుట్టినవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. "ఈవిడ పుట్టినప్పుడు బొడ్డు కూడా కొలిచి కోయించుకునుంటుంది" అని వెనకాల నవ్వుకుంటారు. ఆ మాట ఆమె చెవిన పడకపోలేదు. తప్పు పట్టడం తన పని, తిట్టుకోవడం వాళ్ళ హక్కు అనుకుని ఊరుకుంది.

ఇంట్లో మాత్రం ఆమెకి ఇంకో ఉద్యోగం ఉంది. దానికి జీతం లేదు, సెలవూ లేదు.

ఆమెకి ఒక అన్నయ్య ఉన్నాడు. పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు, మాట రాదు. బడిలో వేస్తే అక్కడివాళ్ళు ఏం చెయ్యాలో తోచక తిప్పి పంపేశారు. అందుకని చదువూ రాలేదు. వడ్రంగం నేర్చుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలి ఇంటి వెనక గదిలో ఉంటాడు, గది పక్కన రేకుల షెడ్డులో తలుపులూ బల్లలూ చేస్తాడు. మనిషి ముక్కోపి. పని అడగడానికి వచ్చినవాళ్ళు పక్కకి తిరిగి మాట్లాడితే ఊరుకోడు, గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పేసుకుంటాడు.

చిన్నప్పుడు అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి చేతులతో ఒక భాష తయారు చేసుకున్నారు. అది చెవిటివాళ్ళ బళ్ళలో నేర్పే భాష కాదు. అలాంటిదొకటి ఉందని కూడా వాళ్ళకి అప్పట్లో తెలియదు. అమ్మ అంటే చెవి తమ్మె పట్టుకోవాలి. రేపు అంటే అరచేతి మీద తల వాల్చి లేవాలి. ఇంటి ఓనరు అంటే ముక్కు నలపాలి, ఆయనకి ఎప్పుడూ జలుబే. ఇలా ఒక్కొక్కటీ పోగుచేసుకుంటూ పెద్దవాళ్ళయ్యారు. ఇప్పుడు ఇద్దరూ ఆ భాషలో పోట్లాడుకోగలరు, ఊళ్ళో అందరినీ ఆడిపోసుకోగలరు, చనిపోయిన అమ్మని తలుచుకుని ఏడవగలరు. ఇంత పెద్ద లోకంలో ఆ భాష వచ్చినవాళ్ళు ఇద్దరే ఇద్దరు.

టేపమ్మ మొగుడు బస్సు డ్రైవరు. ఇన్నేళ్ళు కలిసి ఉన్నా ఆయనకి వచ్చినవి తిండి, నిద్ర, స్నానం, రా, పో. అంతే. "మీ ఇద్దరూ నా ఎదురుగానే నన్ను తిట్టుకున్నా నేను పళ్ళికిలిస్తూ కూచోవాల్సిందే" అంటాడు. అప్పుడప్పుడు నిజంగానే తిట్టుకుంటారు.

వీడియో కాల్ అనేది వచ్చాక ఆమె ప్రాణానికి హాయి అయింది. అంతకుముందు ఎవరైనా గిరాకీ వచ్చి అన్నయ్యతో మాట తెగక తంటాలు పడుతుంటే సాయంత్రం ఆమె ఇంటికొచ్చేదాకా ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు అన్నయ్య ఫోన్ తీసి ఆమె బొమ్మ మీద నొక్కుతాడు. ఆమె ఫ్యాక్టరీలో చొక్కాల గుట్ట మీద ఫోన్ ఆనించి, గిరాకీ చెప్పేది విని, చేతులతో అన్నయ్యకి చెప్పి, అన్నయ్య తిట్టిన తిట్లు మినహాయించి మిగతాది గిరాకీకి చెబుతుంది. సూపర్‌వైజరు కూడా ఏమీ అనడు. డాక్టరైనా, కరెంటువాడైనా, ఇరుగుపొరుగైనా అన్నయ్యతో మాట్లాడాలంటే ఆ ఫోనే దారి.

అలాంటి మనిషిని కంపెనీ విదేశం పంపుతానంది. అక్కడి కొనుగోలుదారులు కొత్త కొలతల పద్ధతి పెట్టారట, పది రోజులు కూర్చుని నేర్చుకుని రావాలట. మేనేజరుతో పాటు వెళ్ళే మనిషిగా ఆమెని ఎంపిక చేశారు. ఆమె ముందు ఎగిరి గంతేసింది. విమానం అంటే సంబరం ఎవరికుండదు? రాత్రి పక్క మీద వాలాక గాని అసలు సంగతి గుర్తు రాలేదు. అక్కణ్ణించి అన్నయ్యతో మాట్లాడటం ఎలా?

మొగుణ్ణి లేపింది.

"ఫోన్ ఉందిగా, పడుకో" అన్నాడు డ్రైవరు.

"అక్కడ మన సిమ్ పని చెయ్యదట."

"చెయ్యకపోతే అక్కడి సిమ్ వేసుకుంటావు. దీనికా నిద్ర చెడగొట్టావు?"

మర్నాటి నుంచి సలహాలు మొదలయ్యాయి. ఈ విషయంలో ప్రతివాడూ పండితుడే. మేనేజరేమో ఇక్కడి ఫోన్ కంపెనీ రోమింగ్ ప్యాక్ తీసుకోమన్నాడు. తనకి ఆఫీసు అదే ఇస్తోందట, తనకి మాత్రమే ఇస్తోందట. బస్సులో కండక్టరు, తన జన్మలో ఊరి పొలిమేర దాటని మనిషి, చిన్న వైఫై డబ్బా అద్దెకి దొరుకుతుంది, జేబులో వేసుకు తిరగొచ్చు అన్నాడు. లైనులో కాజాలు కుట్టే అమ్మాయి అసలు సిమ్మే లేని సిమ్ ఒకటుందని, ఫోన్‌లోకి గాల్లోంచి దిగిపోతుందని చెప్పింది. టేపమ్మ నోరు వెళ్ళబెట్టింది. తీరా చూస్తే ఆమె పాత ఫోన్‌కి ఆ యోగం లేదు.

చివరికి వీధి చివర ఫోన్ల కొట్టాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన అద్దాల బల్ల మీద కాగితం పరిచి అరచేతిలో వైకుంఠం చూపించాడు.

"చూడమ్మా, రోమింగ్ అంటే మన సిమ్ తీసే పనే లేదు. మాట్లాడుకోవడానికి బోలెడు నిమిషాలు ఇస్తాడు. నెట్ మాత్రం కొంచెమే."

"నాకు నిమిషాలెందుకండీ? మా అన్నయ్యకి వినపడదు. నాకు నెట్టే కావాలి."

"అయితే అక్కడ దిగగానే ఎయిర్‌పోర్టులో లోకల్ సిమ్ తీసుకోండి. నెట్ కుమ్మరిస్తాడు. వాడలేక మీకే విసుగొస్తుంది."

"వీడియో ఆగకుండా వస్తుందా?"

"ఆగడమా! సినిమాల మీద సినిమాలు చూడొచ్చు."

టేపమ్మ అంతటితో నమ్మే మనిషి కాదు. ఇంటికొచ్చి కొలత మొదలుపెట్టింది. అన్నయ్యని షెడ్డులో కూర్చోబెట్టి, తను వంటింట్లో కూర్చుని వీడియో కాల్ చేసి, ఇద్దరూ పక్కింటివాళ్ళ గురించి కడుపారా చెప్పుకున్నారు. ఆ మాటలకి ఎంత నెట్ కాలిందో చూసుకుంది. దాన్ని రోజులతో గుణించింది, కుట్టుకి గుడ్డ వదిలినట్టు అటూ ఇటూ కాస్త కలుపుకుంది. రోమింగ్ ప్యాక్ దానిముందు చాలీచాలని చొక్కాలా తేలింది. లోకల్ సిమ్ వదులుగా, హాయిగా సరిపోయింది. ఇక ఆలోచించడానికేముంది? కొలతలో ఆమె ఎప్పుడూ పొరబడదు. ఈసారీ పొరబడలేదు. వీడియో కాల్‌కి ఎంత నెట్ కావాలో కొలుచుకుంది గానీ, వీడియో కాల్ అనేది అక్కడ కలుస్తుందా అని అడగాలని ఆమెకీ తట్టలేదు, కొట్టాయనకీ తట్టలేదు, సలహాలిచ్చిన మహానుభావుల్లో ఒక్కడికీ తట్టలేదు.

అక్కడ దిగగానే సిమ్ కొంది. పాత సిమ్ తీసి చొక్కా గుడ్డ ముక్కలో చుట్టి పర్సులో దాచుకుంది. హోటల్ గదిలో కూర్చుని, జుట్టు సర్దుకుని, అన్నయ్య బొమ్మ మీద నొక్కింది. తిరుగుతోంది, తిరుగుతోంది, ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. అంతే. ఒక సినిమా పాట పెట్టి చూసింది, గలగలా వచ్చేసింది. ఫొటో పంపింది, టక్కున వెళ్ళింది. కాల్ మాత్రం కలవదు. కిందికి దిగి హోటల్ డెస్కు దగ్గర ఉన్న ఆవిడని సగం మాటలతో, సగం సైగలతో అడిగింది. ఆవిడ రోజుకి పదిమందికి చెప్పే మాటని చెప్పినట్టే చెప్పింది. ఇక్కడి లైన్ల మీద అలాంటి కాల్స్ వెళ్ళనివ్వరట. ఇక్కడి సిమ్ అయినా, హోటల్ వైఫై అయినా అంతేనట. సొంత దేశపు సిమ్ రోమింగ్‌లో పెట్టుకున్నవాళ్ళకి మాత్రం వెళ్తుందట.

టేపమ్మ గదికి పరిగెత్తి పాత సిమ్ వేసింది. రోమింగ్ కావాలని నొక్కితే, మీ నంబరుకి కోడ్ పంపాం, అది కొట్టండి అంది. కోడ్ రావాలంటే ఆ నంబరు పని చెయ్యాలి. పని చెయ్యాలంటే రోమింగ్ ఉండాలి. రోమింగ్ రావాలంటే కోడ్ కొట్టాలి. ఇంటి దగ్గర డ్రైవరు సిమ్ కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి అడిగితే, సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్ళే స్వయంగా వచ్చి అడగాలన్నారు.

"ఆవిడ రాలేకే కదయ్యా నేను అడుగుతున్నాను!" అని ఆయన అరిచాడట. వాళ్ళు చాలా మర్యాదగా మళ్ళీ అదే మాట చెప్పారట.

మిగిలింది మేనేజరు ఫోన్. మొదటి రాత్రి అడిగితే ఇచ్చాడు. అన్నాచెల్లెళ్ళు చూసుకున్నారు, అన్నయ్య ముక్కు నలిపి ఓనరు మీద ఏదో చాడీ చెప్పాడు, ఆమె పకపకా నవ్వింది. రెండో రాత్రి అడిగితే మేనేజరు వాచీ చూసుకుంటూ ఇచ్చాడు. "ఏమ్మా, ఇది ఆఫీసు ఫోను, నెట్ కూడా లెక్క ప్రకారం ఉంటుంది. మరీ అవసరమైతేనే..." అన్నాడు. ఆమెకి మొహం చెల్లలేదు. ఆ తరవాత అడగలేదు. తను చెప్పాల్సింది చేతులతో చెబుతూ వీడియో తీసి పంపేది. అన్నయ్య తనది తీసి పంపేవాడు. ఒకరు చెప్పడం అయ్యాక ఇంకొకరు. మధ్యలో అడ్డుపడటం లేదు, గడ్డం పట్టుకుని మొహం తిప్పుకోవడం లేదు. అన్నయ్యకి అది సుతరామూ నచ్చలేదు. ఒక వీడియోలో ఫోన్‌కి వీపు చూపించి కూర్చున్నాడు. పది రోజులే కదా, గడిచిపోతాయి అనుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం, ఆమె శిక్షణ గదిలో బొమ్మకి తొడిగిన కోటు భుజం కొలుస్తుండగా మొగుడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. మామూలు ఫోన్ ఆ సిమ్ మీద శుభ్రంగా కలుస్తుంది.

"కంగారు పడకు" అన్నాడు డ్రైవరు. "బావ చెయ్యి చెక్క కోసే మెషిన్‌లో పడింది. ఆస్పత్రిలో ఉన్నాం."

"ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి. చూపుడు వేలు నలిగిపోయిందే. ఇదిగో డాక్టరుగారు నీతో మాట్లాడతారట."

డాక్టరు నెమ్మదిగా, విడమరిచి చెప్పాడు. వేలికి రక్తం అందడం లేదు. ఉంచితే కుళ్ళు అరచేతిలోకి పాకుతుంది, అప్పుడు చెయ్యే తీసెయ్యాల్సి రావచ్చు. ఇప్పుడు వేలు తీసేస్తే చెయ్యి దక్కుతుంది. ఆలస్యం చెయ్యడానికి లేదు. "పేషెంటుకి ఏం చెప్పినా అర్థం కావట్లేదమ్మా. దగ్గరికి వెళ్తే తోసేస్తున్నాడు. మీరు చెబితే వింటాడంటున్నారు మీవారు. చెప్పగలరా?"

చెప్పగలదు. ఆమె తప్ప ఇంకెవరూ చెప్పలేరు. డాక్టరుతో మాట్లాడగలదు, మొగుడితో మాట్లాడగలదు, ఆ ఆస్పత్రిలో తలుపు దగ్గర నిలబడే మనిషితో కూడా ఇక్కణ్ణించి మాట్లాడగలదు. వినపడేవాళ్ళందరితోనూ మాట్లాడగలదు. వినపడని ఆ ఒక్కడితో తప్ప.

మేనేజరు కోసం పరిగెత్తింది. ఆయన పొద్దున్నే కొనుగోలుదారుల కారులో పక్క ఊళ్ళోని గోడౌన్ చూడటానికి వెళ్ళాడు. ఫోన్ చేస్తే, దారిలో ఉన్నాం, సాయంత్రానికి వచ్చేస్తాం అన్నాడు. విషయం చెబితే పాపం ఆయనా కంగారు పడ్డాడు. "అయ్యయ్యో, కారు తిప్పమంటానుండమ్మా" అన్నాడు. తిప్పినా ఎంతో దూరం. శిక్షణ గదిలో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ అడిగింది. అందరివీ అక్కడి సిమ్‌లే. తలో ఫోనూ తీసి ఇచ్చారు, నీళ్ళిచ్చారు, కుర్చీ వేశారు. ఒక్క ఫోనూ పనికి రాలేదు.

బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఫోన్‌ని అద్దానికి ఆనించి వీడియో మొదలుపెట్టింది. అన్నయ్యా, వేలు చచ్చిపోయింది. వేలు పోతే చెయ్యి ఉంటుంది. వేలు ఉంటే చెయ్యి పోతుంది. నేను వస్తాను. భయపడకు. పంపింది. ఎదురుగా మనిషి ఉంటే అతని కనుబొమలు చూస్తూ మాట మార్చుకునేది. అద్దంలో తన మొహమే కనబడుతోంది. పాలిపోయి, తనకే భయం పుట్టించేట్టు ఉంది.

జవాబు వచ్చింది. డ్రైవరు తీసిన వీడియో. మంచం మీద అన్నయ్య, కుడి చేతికి గుడ్డ, దాని మీద ఎరుపు. నువ్వు, నేను, అది, అక్కడ, వాడు, ఇలా వాళ్ళ భాషలో సగం మాటలు కుడి చూపుడు వేలితోనే మొదలవుతాయి. ఇప్పుడు ఎడమ చేత్తో తడుముకుంటున్నాడు, నత్తివాడు మాట్లాడినట్టుంది. అయినా ఆమెకి ప్రతి మాటా తెలిసింది. వద్దు. వీళ్ళని ముట్టుకోనివ్వకు. నువ్వు రా. వచ్చి, చూసి, అప్పుడు చెప్పు. నువ్వు ఎదురుగా ఉంటే ఒప్పుకుంటాను. నువ్వు వచ్చేదాకా వద్దు.

ఏ విధంగానూ పొరబడటానికి లేని జవాబు. పొరబడి ఉంటేనే బాగుండేదని ఆమెకి అనిపించింది.

మళ్ళీ వీడియో తీసింది. రాలేను, విమానం దొరకదు, అంతసేపు ఆగితే చెయ్యి పోతుంది, చెయ్యి పోతే పనీ పోతుంది, మన మాటా పోతుంది. ఏడుపు వచ్చి మధ్యలో చేతులు ఆగిపోయాయి. చెరిపేసి మళ్ళీ మొదటినుంచి తీసింది. ఇంతలో ఫోన్ మోగింది.

"ఏం చెప్పాడమ్మా?" అన్నాడు డాక్టరు.

"వద్దంటున్నాడు సార్. నేను వచ్చేదాకా ఆగమంటున్నాడు. ఇంకో వీడియో పంపుతున్నాను, అది చూస్తే ఒప్పుకుంటాడు. కాస్త ఆగండి."

"ఎంతసేపమ్మా? థియేటరు సిద్ధంగా ఉంది. వెనక ఇంకో కేసు ఉంది. ఇది ఆగే పరిస్థితి కాదు."

"రేపటిదాకా ఆగితే..."

"చెయ్యి గురించి నేను హామీ ఇవ్వలేను. అతనికి పరిస్థితి పూర్తిగా అర్థం కాలేదని నా ఉద్దేశం. దగ్గరివాళ్ళు మీరే. చెయ్యమంటారా, వద్దంటారా?"

వెనక నుంచి డ్రైవరు గొంతు వినబడింది. "నువ్వే చెప్పవే. నాకేం తోచట్లేదు. సంతకం నన్నే పెట్టమంటున్నారు."

టేపమ్మ గోడకి ఆనుకుంది. అన్నయ్యకి పరిస్థితి అర్థం కాకపోవడం అబద్ధం. అతనికి అంతా అర్థమైంది. అర్థమయ్యే వద్దన్నాడు. ఆ సంగతి తెలిసిన మనిషి తనొక్కతే. పుట్టినప్పటి నుంచీ అన్నయ్య చెప్పింది చెప్పినట్టు లోకానికి చెప్పడమే ఆమె చేసిన పని. తిట్లు మినహాయించింది గానీ, అతను వద్దన్నదాన్ని ఏనాడూ ఔను అని చెప్పలేదు.

"చెయ్యండి" అంది.

ఆ మాట నోటినుంచి వచ్చాక వీడియో పంపింది. ఎందుకు ఒప్పుకున్నానో చెబుతూ ఇంకొకటి తీసి అదీ పంపింది. రెండూ వెళ్ళాయి. అవతల ఎవరైనా చూసినట్టు తెలిపే టిక్కు మాత్రం కనబడలేదు. కాసేపటికి డ్రైవరు ఫోన్ చేశాడు. థియేటరు కింది అంతస్తులో ఉందట, అక్కడ నెట్ అందలేదట. తీసుకెళ్తుంటే బావ తలుపు చట్రం పట్టుకుని వదల్లేదట. నలుగురు విడదీశారట. డ్రైవరు చేతిలోని ఫోన్ వైపు చూపించి మళ్ళీ మళ్ళీ ఏదో అడిగాడట.

"ఏం అడిగాడండీ?"

"నాకేం తెలుస్తుందే? తిండి కాదు, నిద్ర కాదు. నాకు తెలిసినవి ఏవీ కాదు."

ఆ తరవాత సాయంత్రం దాకా ఆమె చెయ్యగలిగింది ఏమీ లేదు. పనిలో కూర్చుంది. కోటు భుజం కొలిచింది, రాసింది, మళ్ళీ కొలిస్తే వేరే లెక్క వచ్చింది. పక్కనున్నావిడ టేపు ఆమె చేతిలోంచి మెల్లగా తీసి పక్కన పెట్టింది.

మేనేజరు రొప్పుకుంటూ వచ్చాడు. అడక్కుండానే తన ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. "ఎంతసేపైనా మాట్లాడమ్మా. రోజూ ఇచ్చేయాల్సింది, నాదే బుద్ధి తక్కువ" అన్నాడు. ఆమె మొగుడి నంబరు నొక్కింది. మొదటిసారే కలిసింది.

డ్రైవరు మొహం కనబడింది. "అంతా బాగానే అయింది. చెయ్యి దక్కిందన్నారు. ఇప్పుడే లేచాడు, ఉండు" అని ఫోన్ తిప్పాడు. బొమ్మ ఎంత తేటగా ఉందంటే దిండు మీద ముడతలు కూడా కనబడుతున్నాయి. అన్నయ్య కుడి చెయ్యి తెల్లటి కట్టుతో పొట్ట మీద ఉంది. అతను తల తిప్పాడు. ఆమెని చూశాడు.

ఆమె ఫోన్‌ని బల్ల మీద నిలబెట్టి రెండు చేతులూ ఎత్తింది. అన్నయ్యా, నేను...

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు.

వినపడేవాళ్ళకి మన మీద కోపమొస్తే తలుపు బయట నిలబడైనా చెప్పుకోవచ్చు. వద్దన్నా మాట చెవిలో పడుతుంది. అన్నయ్యకి చెవులైనా కళ్ళే.

"మత్తు ఇంకా వదల్లేదే" అంటోంది డ్రైవరు గొంతు. "నిద్రలోకి జారుకున్నాడు. తరవాత చెబుదువుగాని."

నిద్ర కాదు. రెప్పలు గట్టిగా బిగించి ఉన్నాయి, వాటి చివర తడి ఉంది. ఆ సంగతి మొగుడికి తెలియదు. ఆమె చేతులు దించలేదు. చెయ్యి పోతుందన్నారు అన్నయ్యా, వేరే దారి లేకపోయింది, కళ్ళు తెరువు, ఒక్కసారి చూడు అని మూసిన ఆ కళ్ళకి చెబుతూనే ఉంది. బొమ్మ ఒక్క క్షణం కూడా ఆగలేదు.